ఇనుప వంతెన, సుత్తి మేడమ్

పశువుల డాక్టరు జీపు వంతెన మొదట్లోనే ఆగిపోయింది. రోడ్డుకు అడ్డంగా ఎర్ర చారల బారికేడ్ పెట్టి ఉంది.

అవతలి ఒడ్డున ఒక ఆవు ఈనలేక అవస్థ పడుతోంది. దూడ అడ్డం తిరిగిందని రైతు ఫోన్ చేస్తే, డాక్టరు సగం తాగిన కాఫీ అలాగే వదిలేసి వచ్చాడు. బారికేడ్ దగ్గర గొడుగు కింద నిలబడ్డ వాచ్‌మన్, మేడమ్ చెప్పేదాకా ఏ బండినీ వదలడానికి లేదన్నాడు. మేడమ్ ఎక్కడున్నారని అడిగితే కిందికి చూపించాడు.

డాక్టరు రెయిలింగ్ మీంచి తొంగి చూశాడు. నది మీద సన్నగా జల్లు పడుతోంది. వంతెన కింది దూలాల మధ్య, నడుముకు బెల్టు, భుజాలకు తాళ్లు కట్టుకుని ఒక అమ్మాయి గాలిలో కూర్చుని ఉంది. తలకు పసుపు హెల్మెట్, చేతిలో చిన్న సుత్తి. కింద ఎక్కడో నీళ్లు సుడులు తిరుగుతున్నా, ఆమె మాత్రం సొంత ఇంటి మెట్ల మీద కూర్చున్నంత తీరిగ్గా ఉంది.

"ఏమండీ, అర్జెంటు కేసు. కాస్త దారి వదలండి" అన్నాడు.

ఆమె తల పైకెత్తింది. "పేషెంటు ఎవరు?"

"ఆవు."

"వంతెన ఖాళీగా ఉన్నప్పటి కొలతలు తీస్తున్నామండీ. మధ్యలో బండి వెళ్తే మళ్లీ మొదటికొస్తుంది. మీరు నడిచి వెళ్లొచ్చు. పరుగెత్తకుండా."

"ఆవును కూడా కాస్త ఆగి ఈనమని చెప్పమంటారా?"

"మీరు డాక్టరు కదా, మీ మాటైతే వింటుందేమో" అని ఆమె మళ్లీ పనిలో పడింది.

డాక్టరుకు ఒళ్లు మండింది. మందుల సంచి భుజాన వేసుకుని, రబ్బరు బూట్లు చంకలో పెట్టుకుని బయలుదేరాడు. కోపంగా నడవాలంటే అడుగులు గట్టిగా వేయాలి. గట్టిగా వేస్తే కొలతలు చెడిపోతాయి. అందుకని ఆ పొడవాటి వంతెన మీద అంత కోపాన్నీ మెత్తగా మోసుకుంటూ నడిచాడు. అవతలి చివర రైతు బైకు మీద ఎదురొచ్చి ఎక్కించుకుపోయాడు.

మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి చొక్కా భుజం దాకా తడిసి, జుట్టు నిండా గడ్డి పరకలున్నాయి. బారికేడ్ పక్కకు తీసేశారు. బళ్లు మామూలుగా తిరుగుతున్నాయి. ఆ అమ్మాయి మాత్రం అతని జీపుకు ఆనుకుని డబ్బాలోంచి భోజనం చేస్తోంది.

"దూడ బతికింది. మీరు అడగలేదనుకోండి, అయినా చెబుతున్నా" అన్నాడు.

"అడుగుదామనే ఇక్కడున్నాను. నా పని ఎప్పుడో అయిపోయింది."

ఆడా మగా అని ఆమె అడిగింది. పెయ్యదూడ అని చెప్పాడు. ఆమె డబ్బా మూత నిండా అన్నం పెట్టి అతని వైపు జరిపింది. తినాలో వద్దో తేల్చుకునేలోపే అతని చెయ్యి ముందుకు వెళ్లిపోయింది.

*

ఆ వంతెన తాతల కాలం నాటిది. ఉక్కు కడ్డీలను త్రిభుజాలుగా అల్లి, వేలాది రివెట్లతో బిగించి కట్టారు. ఈ ఒడ్డున ఊరు, బడి, పశువుల ఆసుపత్రి, డాక్టరు తండ్రి నడిపే కలప మిల్లు ఉన్నాయి. ఆ ఒడ్డున పొలాలు, పశువుల కొట్టాలు, చిన్న చిన్న పల్లెలు. ఇంకో వంతెన ఎక్కాలంటే నది వెంట సగం రోజు ప్రయాణం చేయాలి. కొన్నేళ్లకోసారి వంతెనకు కొత్త రంగు పూసేవారు. చూసినవాళ్లు ఇంకా గట్టిగానే ఉందనుకునేవారు. ఆ రంగు కింద ఏముందో చూసి రమ్మని పై ఆఫీసు పంపిన ఇంజనీరు ఈ అమ్మాయి.

ఊళ్లో లాడ్జి లేదు. డాక్టరు తల్లి బడిలో టీచరు. హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని బడి అరుగు మీద కునుకు తీస్తున్న పిల్లను చూసి జాలిపడి, తమ మేడ మీద గది ఖాళీగా ఉందని చెప్పిందట. ఆ సంగతి సాయంత్రం మెట్ల మీద ఎదురుపడేదాకా డాక్టరుకు తెలియదు.

"మీరేంటి ఇక్కడ?" అన్నాడు.

"అద్దెకు దిగాను. మీరు?"

"నేను పుట్టినప్పట్నుంచీ ఇక్కడే ఉంటున్నా."

"అద్దె కడుతున్నారా?"

లోపల కూరగాయలు తరుగుతున్న టీచరమ్మ పకపకా నవ్వింది. ఆ నవ్వు విన్నాక డాక్టరుకు ఈ ఇంట్లో తన పరపతి ఇక మీదట ఎలా ఉండబోతోందో అర్థమైపోయింది.

పొద్దున లేచింది మొదలు ఆమె పని ఒక్కటే. ఒక్కో రివెట్‌నూ సుత్తితో కొట్టడం, చెవి ఒగ్గి వినడం, సుద్దముక్కతో గుర్తు పెట్టడం. ఊరు ఆమెకు 'సుత్తి మేడమ్' అని పేరు పెట్టేసింది. మనిషి నిజానికి ఒక మాట అనడానికి రెండు సార్లు ఆలోచించే రకం కాబట్టి, సుత్తి కొట్టడం అనే మాట ఆమెకు ఏ రకంగానూ అతకదు. ఈ పేరు సంగతి ఆమెకు మోసింది డాక్టరే. కోపం వస్తుందేమో చూద్దామనుకున్నాడు.

పర్వాలేదు, ఇంతకుముందు పనిచేసిన ఊళ్లో 'తుప్పు పిల్ల' అనేవారు, ఇక్కడ మేడమ్ అని కలిపారు, అదే పదివేలు అంది ఆమె.

ఒక సాయంత్రం అతను వంతెన మీదికి వెళ్లి, తనకూ ఆ విద్య చూపించమన్నాడు. ఆమె సుత్తి అతని చేతికిచ్చింది. బిగువుగా ఉన్న రివెట్ ఠంగుమంటుందని, వదులైనది మొద్దుగా మోగుతుందని, వేలు పక్కన ఆనించి పెడితే అదురు తెలుస్తుందని చెప్పింది. అతను పది కొట్టి పదీ బాగున్నాయన్నాడు. అందులో మూడు వదులైనవని ఆమె మళ్లీ కొట్టి వినిపించింది. ఓటమి ఒప్పుకోవడం ఇష్టంలేక అతను జేబులోంచి స్టెతస్కోపు తీసి ఇనుముకు ఆనించి, కళ్లు మూసుకుని, గుండె భేషుగ్గా ఉందని ప్రకటించాడు.

"అది నిన్న బిగించిన తాత్కాలిక పైపు. దానికి గుండె బాగానే ఉంటుంది" అంది ఆమె.

ఆ సాయంత్రం జల్లు పెద్దదై ఇద్దరూ వంతెన చివర వాచ్‌మన్ షెడ్డులో చిక్కుకుపోయారు. నాలుగు రేకుల కింద వాన చప్పుడుకు మాటలు వినపడక, ఒకరి చెవి దగ్గరికి ఒకరు వంగి మాట్లాడుకోవాల్సి వచ్చింది. అప్పుడు చెప్పింది ఆమె, తనకు ఇంతకుముందు ఒక సంబంధం ఖాయమై తప్పిపోయిందని. పెళ్లయ్యాక తాళ్లు కట్టుకుని వేలాడటం మానేసి ఆఫీసులో కుర్చీ పని చూసుకోమన్నారట.

"అతను చెడ్డవాడా?" అని అడిగాడు డాక్టరు.

"కాదు. మంచివాడే. ఎత్తంటే నాకు భయం ఉండాలనుకున్నాడు, అంతే."

ఆమె తడి జుట్టును చెవి వెనక్కి తోసుకుంటూ ఉంటే, ఈ వాన ఇంకాస్త సేపు కురిస్తే బాగుండునని డాక్టరు అనుకున్నాడు.

ఆ తర్వాత అవతలి ఒడ్డున అతనికి కేసులు ఎక్కువైపోయాయి. జబ్బే లేని గేదెలను డాక్టరు అన్ని సార్లు వచ్చి పలకరించడం ఆ పల్లెలవాళ్లు ఎప్పుడూ చూడలేదు. వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ జీపు వంతెన మధ్య కాసేపు ఆగేది. వాచ్‌మన్ అటు తిరిగి నదిని చూస్తూ నిలబడేవాడు.

*

ఒక మధ్యాహ్నం, అవతలి ఒడ్డుకు దగ్గరగా, కింది దూలం అతుకు దగ్గర ఆమె సుత్తి చప్పుడు మారింది. రంగు పొరలు గీకి చూసింది. ఒక పొర, దాని కింద ఇంకొకటి, దాని కింద మరొకటి. అన్నిటి కిందా, రివెట్ రంధ్రం నుంచి బయలుదేరి వెంట్రుకంత సన్నగా ఒక పగులు పాకి ఉంది. దాన్ని పట్టుకుని చూస్తూ పోతే దూలం సగం దాకా వెళ్లింది.

ఆమె అక్కడి నుంచే పై అధికారికి ఫోన్ చేసింది. జవాబు రాగానే బారికేడ్లు రెండు చివర్లా పెట్టించింది. మనుషులు నడవొచ్చు, బళ్లు ఏవీ వెళ్లడానికి లేదు.

సాయంత్రం ఇంటికొచ్చి, ముందు గదిలో కూర్చున్న మిల్లు యజమానికి ఆ మాట తనే చెప్పింది. డాక్టరు తండ్రి మాటంటే మాటే అన్నట్టు బతికిన మనిషి. అవతలి పల్లెలో బడికి కొత్త పైకప్పు వేస్తున్నారు. వానలు ముదరకముందే కలప దూలాలు దింపుతానని ఆయన మాటిచ్చాడు. లోడు కట్టిన లారీ పెరట్లో సిద్ధంగా ఉంది.

"ఒక్క ట్రిప్పు. పొద్దున్నే వెళ్లి వచ్చేస్తుంది. ఆ తర్వాత మూసుకోండి" అన్నాడు ఆయన.

"కుదరదు సార్."

"ఇన్నేళ్లుగా వెళ్తున్నాయి నా లారీలు. రేపు ఒక్కరోజుకు పడిపోతుందా?"

"పడకపోవచ్చు. పడదని మాత్రం నేను చెప్పలేను."

ఆయన మొహం ఎర్రబడింది. నా ఇంట్లో ఉంటూ నా లారీనే ఆపుతావా అన్న మాట గొంతు దాకా వచ్చి ఆగింది. ఆగినా ఆమెకు వినిపించింది. మేడ మీదికి వెళ్లి పెట్టె సర్దుకుని కిందికి దిగింది. టీచరమ్మ వద్దని చెయ్యి పట్టుకుంది. ఈ ఇంట్లో అన్నం తింటూ ఈ రిపోర్టు రాస్తే రేపు ఎవరూ నమ్మరమ్మా అని ఆమె మెల్లగా చెయ్యి విడిపించుకుంది.

గేటు దగ్గర డాక్టరు ఎదురయ్యాడు. దారిలోనే విషయమంతా వాచ్‌మన్ ద్వారా విన్నాడు.

"మధ్యాహ్నం నేను జీపు ఒడ్డునే పెట్టి వంతెన మీద మీ దగ్గరికి నడిచి వచ్చాను. పలకరించాను కూడా. నాతో ఒక్క మాట చెప్పలేదు" అన్నాడు.

"పై నుంచి ఆర్డరు రాకముందు ఎవరికీ చెప్పకూడదు."

"నేనూ ఎవరోనేనా?"

ఆమె పెట్టె కింద పెట్టింది. "చెబితే మీ నాన్నగారి దగ్గర దాచగలిగేవారా?"

ఆమె మళ్లీ పెట్టె తీసుకుని, నది ఒడ్డున రోడ్ల శాఖ పాత బంగళా వైపు నడిచిపోయింది. వెనకాల వెళ్లాలని అతనికి అనిపించింది. పౌరుషం అడ్డొచ్చింది. ఆ పౌరుషంతోనే అన్నం దగ్గర కూర్చుని, ఒక్క ముద్ద దిగక లేచాడు. దాచగలిగేవాణ్ణి కాదు అని ఒప్పుకోవడానికి అతనికి తెల్లవారేదాకా పట్టింది.

*

పొద్దున్నే పెరట్లో లారీ ఇంజను చప్పుడు విని డాక్టరు కిటికీలోంచి చూశాడు. డ్రైవరును దింపేసి తండ్రే స్టీరింగ్ దగ్గర కూర్చున్నాడు. ఏదైనా అయితే తనకే కావాలన్నది ఆయన పంతం. డాక్టరు చెప్పులు కూడా వేసుకోకుండా జీపు ఎక్కి, అడ్డదారిన పోయి, వంతెన మొదట్లో, బారికేడ్ ముందు, జీపును రోడ్డుకు అడ్డంగా నిలిపి తాళం జేబులో వేసుకున్నాడు.

లారీ వచ్చి జీపుకు మూరెడు దూరంలో ఆగింది. తండ్రి దిగాడు.

"తియ్యి."

"తియ్యను నాన్నా."

"ఆ పగులు నువ్వు చూశావా?"

"చూళ్లేదు."

"మరి నీకేం తెలుసు?"

"ఆవిడ చూసింది. నాకు అది చాలు."

తండ్రి కొడుకును కొత్తగా చూసినట్టు చూశాడు. ఇంజను చప్పుడు విని బంగళా నుంచి పరుగున వచ్చిన ఇంజనీరు జీపు వెనకాలే ఆగిపోయి ఉంది. ఆ మాట ఆమె చెవిన పడింది. డాక్టరు అటు తిరిగి చూడలేదు. చూసి ఉంటే ఆమె కళ్లు కనబడేవి.

ఆమె ముందుకు వచ్చి, మిల్లు యజమానికి హెల్మెట్ అందించింది. నా మాట నమ్మక్కర్లేదు, మీరే వచ్చి చూడండి అంది. ఇద్దరూ నడిచి అవతలి చివరికి వెళ్లి, నిచ్చెన మీదుగా కిందికి దిగారు. ఆయన పగులు మీద బొటనవేలు పెట్టి, ఆ గీత వెంట జరుపుకుంటూ పోయాడు. జీవితమంతా కలప చూసిన చేతులు. నెర్రె ఎక్కడ మొదలై ఎంతవరకు పోతుందో ఆ వేలికి ఇనుములో కూడా తెలిసింది. గీత ఆగినచోట ఆయన వేలు ఆగింది.

"ఇది ఎప్పట్నుంచి ఉందంటారు, ఇంజనీరు గారూ?"

"చెప్పలేను సార్. రంగు కింద ఉండిపోయింది."

"మొన్న కూడా మా డ్రైవరు దీని మీదే నిండు లోడుతో వెళ్లాడు. పక్కన వాడి పెళ్లాం కూడా ఉంది" అన్నాడు ఆయన. పైకి వచ్చి, వంతెన దాటి ఇవతలికి వచ్చాక ఒడ్డున ఒక రాయి మీద కూర్చుని మంచినీళ్లు అడిగాడు. తాగి, లేచి, లారీ ఎక్కి వెనక్కి తిప్పుకున్నాడు. ఆ కలప దూలాలు ఆ రోజే చుట్టుదారిన బయలుదేరి వెళ్లాయి.

*

మరమ్మతు వానాకాలమంతా సాగింది. పగిలిన దూలానికి ఆసరా పెట్టి, పాడైన భాగం కోసేసి, కొత్త ఉక్కు పలకలు బోల్టులతో బిగించారు. పాత వంతెనను కూల్చకుండా చిన్న బళ్లకు ఉంచాలని, లారీలకు దిగువన కొత్తది కట్టాలని పై ఆఫీసు తేల్చింది. డాక్టరు జీపు ఈ ఒడ్డున పెట్టి, సంచి భుజాన వేసుకుని నడిచి, ఆ ఒడ్డున అరువు సైకిలెక్కి తిరిగాడు. రోజూ వంతెన మీద ఆమె కనబడేది. ఇద్దరూ చాలా మర్యాదగా వాన గురించి మాట్లాడుకునేవారు. అంత మర్యాద చూసి వాచ్‌మన్‌కే విసుగొచ్చింది.

ఒకనాడు ఇనుప అంచు కోసుకుని ఆమె అరచేతి నిండా రక్తంతో పశువుల ఆసుపత్రికి వచ్చింది. మనుషుల ఆసుపత్రి ఇంకా దూరం.

"నేను పశువుల డాక్టర్ని" అన్నాడు అతను లేచి నిలబడి.

"బోర్డు చదివే వచ్చాను."

అతను గాయం కడిగాడు. ఇంజక్షన్ మాత్రం మనుషుల ఆసుపత్రికి వెళ్లి చేయించుకోవాలన్నాడు. ఇక్కడికి వచ్చేవాటిని మామూలుగా ఇద్దరు మనుషులు గట్టిగా పట్టుకుంటారని చెప్పాడు. తను తన్ననని ఆమె హామీ ఇచ్చింది. దూది, మందు, గుడ్డ అన్నీ అయ్యాయి. కట్టు ముడి కూడా పడింది.

"అయిపోయిందా?" అని అడిగింది.

"అయిపోయింది."

"మరి చెయ్యి వదలరేం?"

"వదలాలని లేదు."

బయట ఒక దూడ అరుస్తోంది. ఆమె చెయ్యి లాక్కోలేదు. కట్టు వైపే చూస్తూ మాట్లాడింది. "నా పని సంగతి తెలుసుగా. ఇక్కడ అయిపోతే ఇంకో నది, ఇంకో ఊరు. ఇంట్లో ఎప్పుడుంటానో నాకే తెలీదు. కుర్చీలో మాత్రం కూర్చోను."

"నేను కూర్చోమన్లేదు. నన్నూ ఏ వేళప్పుడైనా ఎవరో ఒకరి గేదె పిలుస్తుంది. ముందు ఇంటికొచ్చినవాళ్లు స్టవ్ వెలిగించాలి."

"మీకు వంట వచ్చా?"

"రాదు. మీకు?"

"రాదు."

ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆలోచించి చెబుతానని ఆమె లేచింది. గుమ్మం దాకా వెళ్లి ఆగింది.

"ఆలోచించాను. సరే" అని చెప్పి వెళ్లిపోయింది.

*

పెళ్లి మాటలకు ఇంజనీరు తల్లి, అక్క వచ్చి డాక్టరు ఇంట్లో ముందు గదిలో కూర్చున్నారు. తల్లి మొహమాటం లేని మనిషి. మా అమ్మాయి ఇంటి పట్టున ఉండదు, తర్వాత మాట రాకూడదని ముందే చెబుతున్నాను అంది.

"మావాడూ ఉండడు. నాకు బడి ఉంది, రిటైరయ్యేదాకా నన్నూ లెక్కలో వేసుకోవద్దు" అంది టీచరమ్మ.

"అయితే ఈ పిల్లలకు ఇంత ఉడకేసి పెట్టేదెవరు?" అని అక్క అడిగింది.

మూలన కుర్చీలో మిల్లు యజమాని గొంతు సవరించుకున్నాడు.

"నాకు వంట వచ్చు" అన్నాడు.

అందరూ ఆయన వైపు తిరిగారు. పెళ్లికి ముందు అడవిలో కలప క్యాంపుల్లో పనిచేసేటప్పుడు కూలీలందరికీ తనే వండిపెట్టేవాణ్ణని, మిల్లు పని డ్రైవర్లూ మేస్త్రీలూ చూసుకుంటున్నారు కాబట్టి ఇప్పుడు తనకు తీరికేనని ఆయన నేల చూపులు చూస్తూ చెప్పాడు.

"ఇన్నేళ్ల కాపురంలో ఈ మాట ఒక్కసారీ చెప్పలేదే?" అంది టీచరమ్మ.

"నువ్వు అడగలేదు."

అమ్మాయి తల్లి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వడంతో సంబంధం ఖాయమైపోయింది. మిగతా మాటలు తేదీల గురించే.

ఆ రోజు వంట ఆయనే చేశాడు. వంటింట్లోకి ఎవరినీ రానివ్వలేదు. కూలీల గుంపుకు వండిన చెయ్యి కాబట్టి గిన్నె నిండా కూర అయింది. అందరూ కూర్చున్నాక వడ్డించి, తను తినకుండా నిలబడి ఒక్కొక్కరి మొహం చూశాడు. డాక్టరు బాగుందన్నాడు. టీచరమ్మ బాగుందంది. చుట్టాలు కూడా అదే మాట అన్నారు. చివరికి ఆయన చూపు ఇంజనీరు మీద ఆగింది.

ఆమె ఇంకో ముద్ద తిని, ఆలోచించింది.

"ఉప్పు ఎక్కువైంది, మామయ్యా" అంది.

మిల్లు యజమాని గరిటెతో కాస్త కూర తీసుకుని నాలుక మీద వేసుకుని చూశాడు. నిజమే, ఎక్కువైంది. మిగిలిన వాళ్లందరినీ ఒకసారి కలియజూసి, కుర్చీ లాక్కుని ఆమె పక్కనే కూర్చున్నాడు.

"ఎంత తగ్గించమంటావమ్మా?" అని అడిగాడు.